ఏడో సీసా

లా కొంపుయెర్తా, మెస్కితాల్ లోయ
జనవరి 14, బుధవారం

జొవీతాకి,

నీ క్షేమం తర్వాత అడుగుతాను. ముందు పదకొండేళ్ళ నాటి మాట ఒకటి తేలాలి.

నీ సంతకం ఉన్న కాయితం అందింది. వారం వారం కాలువ నీళ్ళు పట్టుకెళ్ళే మీ బండివాడు చావెలో తెచ్చిచ్చాడు. మీ ప్రయోగశాలకి కాలువ నీళ్ళు చాలవట, మా ఊరి బావి నీళ్ళు కూడా కావాలట. పైన "గౌరవనీయులైన నీరుగంటి గారికి" అని ఉంది. ఊరికి నీళ్ళ వంతులు పంచే నీరుగంటినే గాని, నీకు నేను నీరుగంటి గారిని ఎప్పుడయ్యానే? నా తమ్ముడు పోయాక తొమ్మిదేళ్ళు నా ఇంట్లో పెరిగావు. మీ పెద్దమ్మ ఎర్మీనియా నీ తలలో పేలు దువ్వి, ఆ బావి నీళ్ళతోనే తలంటింది. పెదనాన్నా అని రాయడానికి నీకు చెయ్యి రాలేదా, మీ ఆఫీసు ఒప్పుకోలేదా?

పదకొండేళ్ళ కిందట, నువ్వింకా చదువుకునే రోజుల్లో, గోధుమరంగు గాజు సీసాలు ఆరు తెచ్చావు. మా బావిలోకి తెల్లారి మొదటి బక్కెట నీరుగంటి చేత్తోనే దిగాలి. ఆ కట్టు నీకు తెలుసు. అయినా "నేను తోడతాను పెదనాన్నా" అన్నావు. నేను తోడనివ్వలేదు. ఆరు సీసాలూ నా చేత్తో నింపాను, నా చేత్తో మూతలు బిగించాను. మీ పెద్దమ్మ దారిలో తినమని రొట్టెల్లో చిక్కుళ్ళు పెట్టి గుడ్డలో కట్టింది. బస్సెక్కేటప్పుడు ఏమన్నావు? "పదిహేను రోజుల్లో చెప్తాను, ఈ నీళ్ళలో ఏముందో."

ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు నన్ను అడిగారు. వస్తుంది, వస్తుంది అన్నాను. నెల అయింది, ఏడాది అయింది. తర్వాత అడగడం మానేశారు. నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. మూడేళ్ళకి మీ పెద్దమ్మ కిడ్నీలు పోయి చచ్చిపోయింది. నువ్వు వచ్చావు, శవపేటిక పక్కన నిలబడ్డావు, సీసాల మాట ఎత్తలేదు. ఆ రోజు నేనూ అడగలేదు. అడిగే రోజు కాదని ఊరుకున్నాను. ఊరుకోవడం వేరు, మర్చిపోవడం వేరు.

రాజధానివాళ్ళు ఒళ్ళు కడుక్కున్నదీ, దొడ్డికెళ్ళిందీ, మింగిన మందుల్లో ఒంటికి పట్టనిదీ అంతా నా తూముల మీదుగానే వెళ్ళింది. ఆ నల్లనీళ్ళు తాగి మా మొక్కజొన్న మనిషి ఎత్తు పెరిగింది. ఇప్పుడు పెద్ద కార్ఖానా పెట్టి కడిగి పంపుతున్నారు. నీళ్ళు తేటగా ఉన్నాయి, పంట బక్కగా ఉంది. సరే, అది వేరే గొడవ. కాలువలో ఏం పారినా ఇసకలోంచి దిగి మా బావిలోకే వస్తుందని చదువురాని నాకే తెలుసు. ఏం వచ్చిందో చెప్పమనే నిన్ను అడిగింది.

చావెలో ఫోను చెయ్యమంటాడు. నోటితో ఒకసారి చెప్పావుగా. ఈసారి కాయితం మీద కావాలి. మీ పెద్దమ్మ నాకు నలభై రెండో ఏట అక్షరాలు నేర్పింది ఇందుకే అనుకుంటాను. ముందు ఆ ఆరు సీసాల ఫలితం పంపు. తర్వాత బావి సంగతి మాట్లాడదాం.

డెల్ఫినో


మెక్సికో నగరం
జనవరి 21

పెదనాన్నా,

ఆ కాయితం అందరికీ ఒకేలా వెళ్ళేది. పేరు మార్చాను, పిలుపు మార్చడం మర్చిపోయాను. తప్పే.

ఆ ఆరు సీసాల ఫలితం లేదు. నమూనాలు చెడిపోయాయి. అలా జరుగుతూ ఉంటుంది. అప్పుడే రాయాల్సింది, రాయలేదు.

ఇప్పుడు పద్ధతి మారింది. చావెలో శుభ్రమైన సీసాలు, గ్లౌజులు తెస్తాడు. గ్లౌజులు లేకుండా సీసా ముట్టుకోవద్దు. మూత లోపల వేలు తగలకూడదు. బావి మీద మీ మాటే చెల్లుతుంది కాబట్టి అనుమతి మీరే ఇవ్వాలి.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. రెండు యంత్రాల్లో ఒకటి నవంబరు నుంచి ఆగిపోయింది. నేను రోజులో సగం సీసాలు కడుగుతున్నాను, మిగతా సగం కడిగిన సీసాలు నిజంగా శుభ్రంగా ఉన్నాయా అని పరీక్షిస్తున్నాను. పాప నయేలికి ఏడేళ్ళు నిండాయి. ముందు పళ్ళు రెండు ఊడాయి.

ఆరోగ్యం జాగ్రత్త.

జొవీతా


లా కొంపుయెర్తా
జనవరి 28

జొవీతాకి,

చెడిపోయాయా? పాలు చెడిపోతాయి. మాంసం చెడిపోతుంది. గాజు సీసాలో పోసి మూత బిగించిన నీళ్ళు ఎలా చెడిపోతాయో చెప్పు. ఎవరు చెడగొట్టారో కూడా చెప్పు.

నేను నీ ఉత్తరం చదువుతుంటే చావెలో బండికి ఆనుకుని ఎండలో నిలబడ్డాడు.

"మా మేడం ఏమంది పెద్దాయనా?"

"చెడిపోయాయంది."

"మా దగ్గర చెడిపోవడమంటే రకరకాలు. సీసా పగలడం ఒకటి, ఐసు కరగడం ఒకటి. ఒక్కోసారి పట్టినవాడి చెయ్యి మంచిది కాదు."

"నా చెయ్యి గురించి మాట్లాడితే నిన్ను కాలువలో తోస్తాను."

"తోస్తే కాలువ నమూనా చెడిపోతుంది" అని నవ్వాడు.

వాడు నవ్వితే నవ్వాడు గాని ఆ మాట నాకు గుచ్చుకుంది. నలభై నాలుగేళ్ళుగా నీరుగంటిని. ఒకరి వంతు నీళ్ళు ఒకరికి మళ్ళించానని ఎవరూ అనలేదు. ఈ చెయ్యి చెడ్డదని ఎవరూ అనలేదు. నా బావికి ముసుగు తొడుక్కున్న చేతులతో పోను. మనిషికి చెయ్యి ఇచ్చేటప్పుడు గుడ్డ చుట్టుకుంటామా?

మే మూడున శిలువ పండగ. బావి మీది శిలువకి పూలు కట్టే రోజు. ఈసారి ఆ పొద్దున్నే ఊరి సభ. బావి ఉంచాలా, మూసేసి ట్యాంకరు నీళ్ళకి ఎదురుచూడాలా అని తేలుస్తారు. ట్యాంకరు పది రోజులకోసారి వస్తానంటోంది. రాని రోజు ఏం తాగాలో చెప్పడంలేదు. తిబూర్సియో మూసేద్దామంటున్నాడు. వాడి కొడుకు కోడలు ఊళ్ళో లేరు, వాడొక్కడికి ఒక కుండ చాలు. నన్ను అడిగితే నేనేం చెప్పాలి? చెడిపోయాయని చెప్పాలా?

నిజం రాయి. లేకపోతే సీసాలు ఖాళీగా వెనక్కి వస్తాయి.

డెల్ఫినో


మెక్సికో నగరం
ఫిబ్రవరి 11

పెదనాన్నా,

పోయిన బుధవారమే రాయాల్సింది. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ ఆరు సీసాలు యంత్రంలో పెట్టిన రోజు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మా ప్రొఫెసరు నా వెనకే నిలబడి ఉన్నారు. యంత్రం కాయితం మీద గీత గీస్తుంది. ఏ పదార్థం ఉంటే అక్కడ గీత లేస్తుంది. మీ బావి నీళ్ళలో ఒకచోట గీత కాయితం దాటిపోయింది. డైక్లోఫెనాక్. నొప్పుల మందు. ఊళ్ళోకి వచ్చే మురుగు కాలువలో ఎంత ఉందో దానికి నాలుగింతలు బావిలో ఉంది. అది జరిగే పని కాదు. కాలువలో ఉన్నదే ఇసకలోంచి దిగి బావికి వస్తుంది. దిగేటప్పుడు తగ్గుతుంది గాని పెరగదు.

"ఏమమ్మా, మీ ఊరి బావిలో మందుల షాపు గాని పడిందా?" అన్నారు ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. తెల్లారి ఆరింటికి పొయ్యి దగ్గర మీరు చేతులు చాపి కూర్చున్నారు. పెద్దమ్మ ట్యూబులోంచి మందు తీసి మీ వేళ్ళ కణుపులకి ఒక్కొక్కదానికీ రాసింది. వంటిల్లంతా ఆ వాసన. తర్వాత మీరు లేచి బావికి వచ్చి నా సీసాలు నింపారు. మూతలు బిగించారు. చేతులు కడుక్కోమని చెప్పాల్సింది నేను. అది మా మొదటి పాఠం. పెదనాన్నతో, ఊరి నీరుగంటితో, బావి దగ్గర "చేతులు కడుక్కోండి" అనడానికి నాకు నోరు రాలేదు. చెడగొట్టింది మీరు కాదు. నేను.

మా ప్రొఫెసరు ఆరు సీసాలూ పారబోయించారు. ఆ నీళ్ళలో ఇంకేం ఉందో చూడనే లేదు. మళ్ళీ వచ్చి పట్టుకెళ్ళాలంటే ఏం జరిగిందో మీకు చెప్పాలి. వచ్చే నెల, వచ్చే నెల అనుకున్నాను. ఆ తర్వాత పెద్దమ్మకి జబ్బు చేసింది. ఇక చెప్పకూడదనుకున్నాను. ఎందుకో అడగొద్దు.

జొవీతా


లా కొంపుయెర్తా
ఫిబ్రవరి 18, బూడిద బుధవారం

జొవీతా,

ఎందుకో అడగక్కర్లేదు. నేను మొద్దునే గాని అంత మొద్దును కాదు.

కిడ్నీలు పోయాయని చెప్పిన రోజు డాక్టరు నన్ను అడిగాడు, ఈమె నొప్పుల మందులు వాడేదా, అవి కిడ్నీలని తినేస్తాయి అని. నువ్వు పక్కనే ఉన్నావు. లేదయ్యా, తలనొప్పికి కూడా బిళ్ళ వేసుకోదు అన్నాను. నువ్వు నేలకేసి చూశావు. ఏడుస్తున్నావనుకున్నాను.

ఆ మందు రాసుకోవడం సీసాలకి రెండేళ్ళ ముందు మొదలుపెట్టాను. పెద్దతూము చక్రం తిప్పీ తిప్పీ కణుపులు వాచినప్పుడు. అప్పటినుంచి మీ పెద్దమ్మ పోయేదాకా ఐదేళ్ళు. రోజూ పొద్దున్నే ఆ మందు రాసిన చేతులతోనే దాని తాగునీళ్ళు తోడాను.

ఒకటే అడుగుతున్నాను. అవునా, కాదా?

డెల్ఫినో


మెక్సికో నగరం
ఫిబ్రవరి 19

పెదనాన్నా,

బండి కోసం ఆగకుండా మీ ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

కాదు.

ఇది ఓదార్పు కాదు, కూర్చుని కట్టిన లెక్క. సీసాలో తేలినంత మందు ప్రతి బక్కెటలోనూ దిగిందనుకున్నాను. పెద్దమ్మ రోజుకి రెండు లీటర్లు తాగిందనుకున్నాను. ఐదేళ్ళూ కలిపితే మందుల షాపులో దొరికే ఒక్క బిళ్ళలో సగం కూడా కాదు. పెద్దమ్మ కిడ్నీలు తిన్నది షుగరు. ఆ మాట అదే డాక్టరు అదే గదిలో చెప్పాడు. మీరు వినలేదు. అప్పుడు మీరేమీ వినే స్థితిలో లేరు.

ఈ లెక్క నేను ఎనిమిదేళ్ళ కిందటే కట్టాను. మీకు చెప్తే లెక్క వదిలేసి చేతులు మాత్రమే గుర్తుపెట్టుకుంటారని భయపడ్డాను. ఆ భయంతో మిమ్మల్ని ఊళ్ళో అబద్ధాలకోరుని చేశాను. దానికి మాత్రం లెక్క లేదు.

జొవీతా


లా కొంపుయెర్తా
ఏప్రిల్ 8

జొవీతాకి,

ఐసు పెట్టెలో ఆరు సీసాలు ఉన్నాయి. నీ కాయితంలో ఉన్నట్టే పట్టాను. ఎలా పట్టానో రాస్తున్నాను, మళ్ళీ ఎవరూ మందుల షాపు అనకుండా.

నీ లెక్క మూడుసార్లు చదివాను. నమ్మాను అని రాయను. తిండి తింటున్నాను, అంతే.

ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు ట్యూబు తీసి మీ పెద్దమ్మ ఫొటో వెనక పెట్టాను. ఈస్టరు పండగ దాకా నలభై ఆరు రోజులు, ఆపైన బండి వచ్చేదాకా మూడు, ముట్టుకోలేదు. జనం మాంసం మానేస్తారు, నేను ఇది మానేశాను. మాంసం మానడం నయం. మొదటి వారం బాగానే ఉంది. రెండో వారానికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మానేశాను. మూడో వారంలో పెద్దతూము చక్రం సగంలో బిగుసుకుపోయింది. బిగుసుకుంది చక్రం కాదు, నా వేళ్ళు. తిబూర్సియో గడ్డి చేను మోకాలి లోతు మునిగింది. వాడు గట్టు మీదికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం డెల్ఫినో, నీ నోటికున్న పట్టు చేతికి లేదే?"

"నోటితో తిప్పే తూము పెట్టమని సభలో అడుగు, తిప్పుతాను" అన్నాను. వాడు పలుగు తెచ్చి చక్రంలో దూర్చి తనే తిప్పాడు. తర్వాత ప్రతి వంతుకీ వచ్చి తిప్పాడు. వచ్చిన ప్రతిసారీ తిట్టాడు. వాడికి ఎందుకు మానేశానో చెప్పలేదు. చెప్తే తిట్టడం మానేస్తాడు, అది నేను భరించలేను.

ఈ పొద్దున తెల్లారకముందే వచ్చి చావెలో గ్లౌజులు తీశాడు.

"నా చేతులు నలభై ఆరు రోజులు ఉపవాసం ఉన్నాయి. నీ గ్లౌజులు ఎన్ని రోజులున్నాయి?" అన్నాను.

"అవి నిన్ననే పుట్టాయి పెద్దాయనా, ఇంకా పాపం చెయ్యలేదు. తొడుక్కో. లేకపోతే మేడం నన్ను ఉపవాసం పెడుతుంది."

మొదటి బక్కెట ఉత్త చేతులతో తోడాను. కట్టు ప్రకారం. ఆ నీళ్ళు శిలువ మొదట్లో పోశాను. తర్వాత బావికి, ఇది నీ కోసమే, తప్పుగా అనుకోకు అని చెప్పి గ్లౌజులు తొడుక్కున్నాను. వేళ్ళు వంగక చావెలో ఒక్కొక్క వేలూ దూర్చాడు. తిబూర్సియో అటు పోతూ ఆగాడు.

"ఏం డాక్టరు గారూ, బావికి పురుడు పోస్తున్నారా?"

ఊరంతా ఆ మాటే చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

ఆరు సీసాలూ ఆ బావివే. ఒక్కటీ నా చేతివి కాదు. ఇక నువ్వు చెప్పడమే మిగిలింది.

డెల్ఫినో

ట్యూబు మళ్ళీ తీశాను. ఎడమచేతికి కుడిచేత్తో రాసుకోగలుగుతున్నాను. కుడిచేతికే సరిగ్గా అందదు.


మెక్సికో నగరం
ఏప్రిల్ 21

పెదనాన్నా,

ఫలితం వచ్చింది. ఈసారి నేనొక్కదాన్నే యంత్రం ముందు కూర్చున్నాను.

నొప్పుల మందు లేదు. ఆ చోట గీత నేలమట్టంగా ఉంది.

ఇంకోచోట చిన్న గీత లేచింది. మూర్ఛకి వాడే మందు. రాజధానిలో ఎవరో మింగింది, ఒంట్లోంచి బయటికి వచ్చి, కార్ఖానాలో కడిగినా పోక, కాలువ దాటి, ఇసక దాటి మీ బావికి వచ్చింది. ఆరు సీసాల్లోనూ అంతే ఉంది, కాబట్టి పొరపాటు కాదు. ఎంత ఉందంటే, ఒక్క బిళ్ళని కోటి లీటర్ల నీళ్ళలో కరిగిస్తే ఎంతో అంత. దానితోపాటు బట్టల సబ్బు నీళ్ళలో విరిగాక మిగిలే పదార్థం ఒకటి ఉంది. అది ఇంకా తక్కువ.

మంచిదా, చెడ్డదా అని అడుగుతారు. ఈ మందు తాగునీళ్ళలో ఇంతకు మించకూడదని ఇక్కడ ఎవరూ గీత గియ్యలేదు. అంత తక్కువకి మనిషికి ఏమీ కాదనే అంటారు. ముప్పై ఏళ్ళు తాగినవాళ్ళని కూర్చోబెట్టి ఎవరూ చూడలేదు. నేను వెతికింది అరవై రెండు పదార్థాలు. కాలువలో ఉండేవి వేలు. వెతకనిది కనిపించదు. అందుకని మా నివేదికలో చివరి వాక్యం "నిర్ధారణకు ఆధారాలు చాలవు" అని ఉంటుంది. ఆ వాక్యం రాసీ రాసీ నాకు విసుగొచ్చింది. అబద్ధం కాదు గనక మళ్ళీ అదే రాస్తున్నాను.

సభలో చదవడానికి సంతకం, ముద్ర ఉన్న కాయితం జతచేశాను.

జొవీతా


లా కొంపుయెర్తా
ఏప్రిల్ 22, మధ్యాహ్నం

జొవీతాకి,

చావెలోని ఆపి ఉంచి రాస్తున్నాను. హారను కొడుతున్నాడు. కొట్టనీ.

నీ కాయితం చదివాను. ముద్ర బాగుంది. పదకొండేళ్ళ బాకీ తీరింది, ఆ కోపం ఇవాళ్టితో వదిలేస్తున్నాను. దించుకున్నాక గాని తెలియలేదు, ఎంత బరువుందో.

చాలవు అన్నావు. నిజం చెప్పావు, దానికి నిన్ను తప్పుపట్టను. కాని మూడో తారీఖున సభలో నలభై ఇళ్ళవాళ్ళు నా మొహం చూస్తారు. నేను నిలబడి "చాలవు" అని చదివితే తిబూర్సియో అడుగుతాడు, సరే, రేపు పొద్దున బక్కెట దించాలా వద్దా అని. వాడు తిట్టడానికి అడగడు. వాడు నిజంగానే అడుగుతాడు. పిల్లల తల్లులు అడుగుతారు. కోటి లీటర్లలో బిళ్ళ అంటే వాళ్ళకి నవ్వొస్తుంది. ఎవరూ గీత గియ్యలేదంటే భయమేస్తుంది. రెండూ ఒకేసారి ఎలా చెప్పాలో నాకు చేతకాదు.

నువ్వు పంపిన ఖాళీ సీసాల్లో ఒకటి ఎక్కువ వచ్చింది. ఇవాళ దాన్ని నింపాను. గ్లౌజుల్లేకుండా, ఉత్త చేత్తో. చేతులు కడుక్కునే వెళ్ళాను, ఆ మాట నువ్వు చెప్పక్కర్లేకుండా. ఐసు పెట్టెలో ఆరూ కాలువ సీసాలు, వాటికి చీటీలున్నాయి. ఏడోదానికి చీటీ లేదు. అది యంత్రానికి కాదు. నీకు.

ఆ నీళ్ళు తాగి తొమ్మిదేళ్ళు పెరిగావు. ఇప్పుడు వాటిలో ఏముందో, ఏం తెలియదో, ఈ లోయలో నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. గ్లాసులో పోసుకుని నీ వంటింట్లో కూర్చో. నయేలి పక్కనే ఉంటే ఇంకా మంచిది, ఏది చేసినా బాగా ఆలోచించి చేస్తావు. తాగితే, తాగాను అని రాయి. పారబోస్తే, పారబోశాను అని రాయి. ముద్ర అక్కర్లేదు, ఒక్క మాట చాలు. సభలో నేను ఇంకేమీ చెప్పను, ఆ మాటే చదువుతాను. తాగావంటే ఎప్పటిలాగే శిలువకి పూలు కడతాను. పారబోశావంటే అవే పూలు బావి మూత మీద పెట్టి తాళం వేస్తాను.

రెండింటిలో ఏది రాసినా నీ మీద కోపం పెట్టుకోను. ఏదీ రాయకపోతే పెట్టుకుంటాను. నాకు డెబ్భై తొమ్మిది. ఇంకో పదకొండేళ్ళు మోసే ఓపిక లేదు గాని, మొదలంటూ పెడితే మోస్తాను, నా సంగతి నీకు తెలుసు.

వచ్చే బుధవారం, ఇరవై తొమ్మిదో తేదీ, పదింటికి బండి తూము దగ్గర ఆగుతుంది. నేను గట్టు మీద ఉంటాను. ఆ మాట ఆ బండిలో రావాలి.

పెదనాన్న